అన్న వంతు ఊపిరి

నెలలో మొదటి ఆదివారం పొద్దున మా అభిమానుల గ్రూపుకు కబుర్లు పంపడం ఎప్పుడూ నా పనే. ఏ గుడిలో ఉత్సవం, ఏ ఊళ్ళో కచేరీ, కొత్తగా ఏ రాగం మీద కూర్చున్నాం, ఇవన్నీ. మా అన్న నాగస్వరం తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు, ఫోను కూడా. కాబట్టి "మేము" అని రాసేవాణ్ణి నేను, పొగడ్తలు వస్తే అన్నకు చదివి వినిపించేవాణ్ణి నేను, ఆ పొగడ్తల్లో నా పేరు ఎక్కడైనా ఉందా అని వెతుక్కునేవాణ్ణీ నేనే. పెద్దగా దొరికేది కాదు.

ఆ కబుర్లు అరవంలో రాస్తాను. ధర్మపురి చుట్టుపక్కల మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ గడప దాటితే అంతా అరవమే. చదవడం, రాయడం పూర్తిగా అదే. మా నాన్న దగ్గర కీర్తనలన్నీ తెలుగులో రాసుకున్న నోటుపుస్తకాలు ఉండేవి. అన్న ఒకసారి వింటే పట్టేసేవాడు, అతనికి పుస్తకంతో పని లేదు. నాకు కళ్ళతో చూసుకుంటే గానీ బుర్రకెక్కేది కాదు. అందుకని నాన్న నాకొక్కడికే అక్షరాలు నేర్పాడు. మొద్దుబుర్ర వల్ల అబ్బిన చదువు ఇది. ఇవాళ దాంతోనే ఇది రాస్తున్నాను, మా గ్రూపులో ఎవరూ చదవలేరన్న ధైర్యంతో. అన్న కూడా చదవలేడు.

జోడీ నాగస్వరం వినేవాళ్ళకు ఒకే ధారగా వినిపిస్తుంది. మనిషన్నాక మధ్యలో ఊపిరి తీసుకోవాలి కదా. ఒకడు తీసుకునే చోట రెండోవాడు స్వరాన్ని పట్టి ఉంచాలి, ఎక్కడా తెగకూడదు. కుడివైపు కూర్చున్న పెద్దవాడు తనకు కావలసిన చోట తీసుకుంటాడు. ఎడమవైపు వాడు మిగిలిన చోట తీసుకోవాలి. ముప్పై ఏళ్ళు దాటి నేను మిగిలిన చోటే ఊపిరి తీసుకున్నాను. మొదలుపెట్టేదీ అతనే. నేను సీవాళిని, అంటే నాగస్వరం మొనకు బిగించే పీకను, పెదాల మధ్య పెట్టుకుని ఓరకంట అతని బుగ్గ చూస్తూ ఉండేవాణ్ణి. ఆ బుగ్గ కదిలిందంటే పాట మొదలన్నమాట. నా పెళ్ళాం ముఖం కూడా అంత శ్రద్ధగా చూసి ఉండను. ఆవిడే ఈ మాట చాలాసార్లు అంది.

అన్నకు చక్కెర జబ్బు. రెండేళ్ళ కిందట ముందుపళ్ళు కదలడం మొదలైంది. డాక్టరు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. కట్టుడు పళ్ళు పెట్టించాం. వాటితో దోసె నమలగలిగాడు గానీ నాగస్వరం ఊదలేకపోయాడు. పెదాలకు వెనక గట్టి ఆనిక ఉండాలి, లేకపోతే గాలి పక్కల నుంచి జారిపోతుంది. సోగత్తూరులో మా ఇంటి వెనక గదిలో తలుపేసుకుని నెల రోజులు తంటాలు పడ్డాడు. బయట కూర్చుంటే నాకు స్వరం వినిపించేది కాదు, గాలి వినిపించేది. నేను లోపలికి వెళ్ళలేదు. ఒకరోజు అతనే బయటికి వచ్చి, నాగస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టి నా చేతికిచ్చి, "ఎవురికీ చెప్పొద్దురా" అన్నాడు. ఆ వారమే ఏ. పళ్లిపట్టిలో కూతురింటికి వెళ్ళిపోయాడు. అక్కడ కూడలిలో అల్లుడికి పూజాసామాన్ల అంగడి ఉంది. అందులో కూర్చుని కర్పూరం, పసుపు, అగరుబత్తీలు అమ్ముతున్నాడు.

చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. పెద్దాయన విశ్రాంతి తీసుకుంటున్నారని గ్రూపులో రాశాను. మరుసటి నెల ఇంకా విశ్రాంతిలోనే ఉన్నారని రాశాను. ఆ పై నెల, తిరిగి వచ్చే రోజు కోసం మనందరం ఎదురుచూద్దామని రాశాను. ఒక్క అబద్ధమూ నేరుగా ఆడలేదని అప్పట్లో నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. పెళ్ళిళ్ళకు వేరేవాళ్ళ మేళంలో రెండో నాగస్వరంగా వెళ్ళేవాణ్ణి. అక్కడ కుడివైపు కూర్చున్నవాళ్ళు నాకంటే పదేళ్ళు, పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. మర్యాదగానే ఉండేవాళ్ళు, పాపం. తిని, తాంబూలం తీసుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. మా ఆవిడ మనవడు పుట్టినప్పటి నుంచీ హోసూరులో కూతురి దగ్గరే ఉంటోంది. ఇంటికొచ్చి తాళం తీస్తే లోపల నేను పొద్దున వదిలేసిన గ్లాసు వదిలేసిన చోటే ఉండేది. సాధన చేద్దామని చాప పరుచుకుంటే పది నిమిషాలకు లేచిపోయేవాణ్ణి. ఒక్కణ్ణే ఊదుకుంటుంటే భయం వేసేది. యాభై నాలుగేళ్ళవాడు చెప్పుకోవలసిన మాట కాదు గానీ, నిజంగా భయమే.

సొంతంగా ఒక రికార్డింగు చేయమని సలహా ఇచ్చింది స్టూడియో ఆయన. ధర్మపురిలో సెల్‌ఫోన్ల అంగడి మీది గదిలో అతని స్టూడియో. నా ఈడువాడే, ఒకప్పుడు పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. ఎన్నాళ్ళని కూర్చుంటారు, మీ పేరు మీద ఒక్కటి చేయండి, డోలు కూడా వద్దు, ఒట్టి ఆలాపన చాలు, గ్రూపులో పెడదాం అన్నాడు. నా పేరు మీద అన్న మాట చెవిలో పడగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. అంతవరకూ ఏ పత్రికలోనూ, ఏ పోస్టరు మీదా నా పేరు ఒంటరిగా లేదు. మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను. ఎన్నాళ్ళకు బుద్ధొచ్చిందయ్యా అంది. ఆ వారమంతా నేను చాలా సంతోషంగా ఉన్నాను. బజారులో ఎవరైనా పలకరిస్తే అవసరం లేకపోయినా నిలబడి మాట్లాడేవాణ్ణి.

ఆనందభైరవి ఎంచుకున్నాను. పొద్దున పదింటికి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. స్టూడియో ఆయన అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపాడు. నేను ఊదలేదు. మళ్ళీ ఊపాడు. మూడోసారి తలుపు తీసుకుని లోపలికి వచ్చి, ఎవరి కోసం చూస్తున్నారు సార్ అని అరవంలో అడిగాడు. అప్పుడు చూసుకున్నాను. నేను చాపకు ఎడమ కొసన కూర్చుని ఉన్నాను. కుడివైపు ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా వదిలి, అటువైపే ఓరగా చూస్తున్నాను. సీవాళి పెదాల మధ్య తడిసి సిద్ధంగా ఉంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. మధ్యలోకి జరిగి కూర్చున్నాను.

మొత్తానికి ఊదాను. తిరిగి వేసి వినిపించాడు. విన్నాక నాకు ముఖం చెల్లలేదు. ఆలాపన నిండా చిల్లులే. నేను ఊపిరి తీసుకున్న ప్రతిచోటా శబ్దం ఆగిపోయింది. ఒంటిగా ఊదేవాడు ఊపిరి తీసుకునే చోట్లు వేరు, వాక్యం పూర్తయ్యాక, వినేవాడికి తెలియకుండా తీసుకుంటాడు. నేను వాక్యాల నడిమధ్యన, అన్న పట్టి ఉంచే చోటల్లా నిశ్చింతగా వదిలేసి తీసుకున్నాను. ఆ చోట్లలో అతను లేడు కదా. మరుసటి రోజు మార్చడానికి చూశాను. ఊపిరి మారిస్తే రాగం తప్పింది, రాగం చూసుకుంటే ఊపిరి పాత చోటికే పోయింది. మూడో రోజూ అంతే. ఈ వయసులో ఊపిరి తీసుకోవడం మళ్ళీ నేర్చుకోవలసి వస్తుందని ఎవరనుకుంటారు? స్టూడియో ఆయన మంచివాడు, విసుక్కోలేదు. అతనికి సంగీతంతో కన్నా శబ్దంతో ఎక్కువ పని. చిల్లులు ఎక్కడున్నాయో తెరమీద చూపించి, ఇక్కడ ఇంకొకరు ఊదాలి, ఆ ఇంకొకరిది కూడా మీరే ఊదేయండి, రెండూ కలిపేస్తాను అన్నాడు.

అది తప్పని అప్పుడు అనిపించలేదు. చాప కుడి కొసకు జరిగి కూర్చుని అన్న వంతు ఊదాను. ఇంతవరకూ ఆ చోట కూర్చోలేదు. మొదలుపెట్టడానికి ఎవరి బుగ్గా చూడనక్కర్లేదు. ఊదుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది, అన్న ప్రతి ఊపిరీ నాకు తెలుసు. ఎక్కడ లాగుతాడో, ఎక్కడ తొందరపడతాడో, గాంధారం దగ్గర స్వరాన్ని కొంచెం నొక్కి ఎలా వదులుతాడో అన్నీ వచ్చేశాయి. ఒక్కసారికే సరిపోయింది. తర్వాత ఎడమ కొసకు జరిగి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, దాన్ని వింటూ నా వంతు ఊదాను. రెండూ కలిపి వేస్తే ఎక్కడా చిల్లు లేదు. ఆ గదిలో కూర్చుని ఏడ్చాను. స్టూడియో ఆయన చల్లటి నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

తప్పు ఆ తర్వాత జరిగింది. రికార్డింగుకు బొమ్మ కావాలని అతను మా పాత పోస్టరు పెట్టాడు, అన్నా నేనూ పక్కపక్కన జరీ పంచెలతో ఉన్నది. కింద సోదరులు అని కూడా పాతదే ఉంది. పంపే ముందు నాకు చూపించాడు. నేను చూశాను. మార్చమని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట అనలేదు. ఆదివారం పొద్దున గ్రూపులో, చాలా రోజుల తర్వాత కొత్త రికార్డింగు, విని మీ అభిప్రాయం చెప్పండి అని మాత్రం రాశాను.

గంట తిరగకుండా ఫోను మోగడం మొదలుపెట్టింది. పెద్దాయన తిరిగి వచ్చేశారు అని ఒకరు, మా మొక్కు ఫలించింది అని ఒకరు. మహేంద్రమంగళంలో రిటైరైన టీచరు ఒకాయన ఉన్నారు, ఆ గ్రూపు మొదలుపెట్టిందే ఆయన. గొంతు రికార్డు చేసి పంపారు. ఆ గాంధారం ఆయనది కాక ఇంకెవరిది, ఈ భూమ్మీద ఇంకొకరు అలా ఊదలేరు అన్నారు. చివర్లో నా గురించి కూడా ఒక మాట చెప్పారు, తమ్ముడు ఎప్పటిలాగే అణకువగా వెనక ఉన్నారని. నాకు గర్వంగా ఉంది, ఉక్రోషంగానూ ఉంది. జీవితంలో నాకు దక్కిన అతి పెద్ద మెప్పు ఆ గాంధారానికి, అదేమో నాది కాదంటున్నారు. కాదు సార్, అది నేనే అని జవాబు టైపు చేశాను. పంపలేదు. అన్నకు పళ్ళు పోయాయన్న సంగతి అందులో దాగి ఉంది. ముందు అతనికి చెప్పాలి, అతను సరేనంటే అందరికీ చెప్పాలి, ఇదీ నేను చేసుకున్న నిర్ణయం. చెప్పాక ఆ రికార్డింగు నా పేరు మీద ఉంటుంది. ఇద్దరి పనీ ఒక్కడు చేశాడని వాళ్ళే చెప్పుకుంటారు. ఆ ఆశ కూడా లేదని బుకాయించను.

మంగళవారం ఏ. పళ్లిపట్టి బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి, అతను కోప్పడితే ఏమనాలి. బస్సు దిగి కూడలి దాటి అంగడి ముందుకు వచ్చేసరికి అన్న ఒంటరిగా లేడు. నుదుట విభూది పెట్టుకున్న రైతు ఒకాయన బల్ల మీదుగా వంగి అన్న రెండు చేతులూ పట్టుకుని ఉన్నాడు. ఫోనులో విన్నాననీ, ఇంట్లో అందరికీ వినిపించాననీ, మళ్ళీ ఊదడం మొదలుపెట్టినందుకు దేవుడికి టెంకాయ కొట్టాననీ అరవంలో చెబుతున్నాడు. అన్న తల వంచుకుని వింటున్నాడు. కాదంటాడని చూశాను. అన్న అతని చేతులు కళ్ళకద్దుకుని, ఏదో, ధర్మపురి దాకా వెళ్ళి ఊది వచ్చాను, పాత ఓపిక లేదు అన్నాడు.

అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

రైతు వెళ్ళిపోయాడు. అన్న కూతురు లోపలి నుంచి కాఫీ తెచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, రెండు రోజుల నుంచీ నాన్న అన్నం బాగా తింటున్నాడు చిన్నాయనా అని మెల్లగా చెప్పి లోపలికి పోయింది. ఆ పిల్లకు అంతా తెలుసు. కట్టుడు పళ్ళు రోజూ కడిగేది ఆమే.

కాఫీ చల్లారిపోతుండగా, ముందే అడిగి ఉండాల్సింది అన్నా అని మొదలుపెట్టాను. అతను చేయి అడ్డం పెట్టాడు.

"నేను విన్నాను రా" అన్నాడు. "పాప ఫోనులో పెట్టింది. మొదట నాకే అర్థం కాలేదు, ఇది ఎప్పుడు ఊదినాను అని. అంత బాగా ఊదినావు."

నాకు ఆ మాట చాలనిపించింది. అతను ఆగలేదు. ఆ మొదటి రోజు ఇద్దరు వచ్చారట, అడిగారట, కాదని చెప్పడానికి నోరు తెరిచాడట. వాళ్ళ ముఖాలు చూశాక నోరు దానంతట అదే అవునందట. ఒకసారి అవునన్నాక తర్వాత వచ్చిన వాళ్ళందరికీ అవుననే చెప్పాడు. ఇది చెబుతున్నంతసేపూ ఊదుబత్తి పెట్టెలు సర్దుతూనే ఉన్నాడు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు.

"వాళ్ళకు చెప్దామని వచ్చినావు గదా" అన్నాడు.

అవునన్నాను.

"చెప్పు. ఊపిరి నీది, చెప్పుకునేది న్యాయమే. నేను ఈ అంగడి మూసేసి ఇంట్లో కూచుంటాను, అంతే గదా."

బెదిరింపుగా అనలేదు. అలా అని ఉంటే నాకు తేలికగా ఉండేది, గట్టిగా నాలుగు మాటలు అనేసి వచ్చేసేవాణ్ణి. మామూలుగా, సాయంత్రం వాన పడేలా ఉంది అన్నట్టు అన్నాడు. మా అన్న జన్మలో నన్ను ఏదీ అడగలేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పాడు గానీ, అడగలేదు. అప్పుడు కూడా అడగలేదనే చెప్పాలి. నాకే అడిగినట్టు వినిపించింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని టీచరుగారికి టైపు చేసి పెట్టుకున్న జవాబు తీసేశాను. ఒక్కో అక్షరం చెరుపుతుంటే చాలాసేపు పట్టింది. దాని బదులు, మీ ఆశీర్వాదం పెద్దాయనకు చెప్పాను, సంతోషించారు అని పంపాను. అది నిజమే. ఈసారి సర్టిఫికెట్ ఇచ్చుకోవడానికి మనసు రాలేదు. మా ఆవిడకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. విని, అన్నం తిన్నావా అని అడిగింది.

అప్పటి నుంచీ గ్రూపుకు వెళ్ళే కబుర్లలో మా కొత్త పని గురించే ఉంటోంది. పెద్దాయన ఇక సభల్లో ఊదరనీ, రికార్డింగులు మాత్రం చేస్తారనీ రాశాను. జోడీ కావాలని పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళకు ఆ మాటే చెబుతున్నాను. మీరొక్కరే వస్తారా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేను మునుపటిలాగే పక్క మేళాల్లో ఎడమవైపు కూర్చుని వస్తున్నాను. నెలలో రెండు పొద్దులు స్టూడియోకు వెళతాను. ముందు కుడి కొసన కూర్చుంటాను, తర్వాత ఎడమ కొసకు జరుగుతాను. చాప అదే. స్టూడియో ఆయనకు ఇప్పుడు అలవాటైపోయింది, ఏ కొసన ఉంటే అటు మైకు తిప్పుతాడు. ఒంటిగా ఊపిరి తీసుకోవడం నేర్చుకుందామని మొదలుపెట్టిన సాధన మానేశాను. ఇప్పుడు దాంతో ఏం పని?

రెండో రికార్డింగుకు తోడి రాగం తీసుకున్నాం. తీసుకున్నాం అంటున్నానంటే, రాగం చెప్పింది అన్నే. పూర్తయ్యాక గ్రూపులో పెట్టకముందు అతని కూతురి ఫోనుకు పంపాను. మధ్యాహ్నానికి అన్న ఫోను చేశాడు. పై షడ్జం నుంచి నేను అంత తొందరగా దిగను, నువ్వు దిగేసినావు అన్నాడు. మళ్ళీ ఊది పంపాను. దిగడం సరిపోయింది గానీ ధైవతం దగ్గర నేను అంత మెత్తగా పట్టను అన్నాడు. ఇంకోసారి ఊదాను. అతను చెప్పింది నిజమే, రెండుచోట్లా తప్పు నాదే. అన్న గొంతు ఫోనులో మునుపు కచేరీకి ముందు ఉండేటట్టే ఉంది, గట్టిగా, కొంచెం దురుసుగా. ఆ గొంతు విని రెండేళ్ళయింది. సంతోషంగానే ఉంది నాకు, అది కాదనను.

మూడోసారి పంపిన రోజు ఫోను ఎత్తగానే, ఇప్పుడు నాది సరిగ్గా వచ్చింది అన్నాడు. ఇంక పెట్టేయొచ్చు గ్రూపులో అన్నాడు.

ఫోను పెట్టేస్తాడేమోనని గబగబా అడిగాను.

"నాది ఎట్లుంది అన్నా?"

"నీదా?" అన్నాడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి చూశాడు. "నీది వినలేదురా. నాదే వింటా ఉండినాను."

రెండూ నేనే గదన్నా అని నోటిదాకా వచ్చింది. సరే అన్నా అని చెప్పి ఫోను పెట్టేశాను.